చల్లని పెట్టెలో మండెడి వాయువు

వేసవిలో ఆటలాడి, చెమటతో తడిసి ఇల్లు చేరిన బాలునకు మొదట కావలసినది గ్రుక్కెడు చల్లని నీరు. మన తాతల కాలమున ఆ నీటిని ఇంటి మూల ఇసుకపై నిలిపిన మట్టికుండ ఇచ్చుచుండెడిది. నేడు అనేక గృహములలో ఆ పనిని శీతలయంత్రము చేయుచున్నది. వాడుకలో దానిని ఫ్రిజ్ అందురు. కుండకు విద్యుచ్ఛక్తి అక్కరలేదు. ఫ్రిజ్ విద్యుచ్ఛక్తి లేనిదే కదలదు. చూపునకు ఈ రెండింటికిని పోలికయే లేదు. అయినను రెండును ఒకే సూత్రముపై ఆధారపడి పనిచేయుచున్నవి.

కుండ గోడలలోని సన్నని రంధ్రముల గుండ నీరు చెమర్చి వెలుపలికి వచ్చును. ఆ తడి ఆవిరిగా మారుటకు వేడిమి కావలెను. ఆ వేడిమిని అది కుండనుండియు, కుండలోని నీటినుండియు గ్రహించును. అందుచేత లోని నీరు చల్లబడును. అరచేతిపై స్పిరిటు చుక్కను వేసికొన్నపుడు చేయి చల్లబడుట మీరెరిగినదే. ద్రవము ఆవిరియగునపుడు వేడిమిని గ్రహించును. ఆవిరి తిరిగి ద్రవమగునపుడు గ్రహించిన వేడిమిని విడిచిపెట్టును. బాలబాలికలారా! ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొన్నచో శీతలయంత్రపు మర్మము మీకు తెలిసినట్లే.

కుండపై ఆవిరియైన నీరు గాలిలో కలిసిపోవును. కావున ప్రతిదినము కుండను నింపవలెను. శీతలయంత్రములో అట్లు గాక, ఒక ద్రవ్యమును గొట్టములలో బంధించి దానినే మరల మరల త్రిప్పుచుందురు. పెట్టె లోపలి గొట్టములలో ఆ ద్రవ్యము తక్కువ ఒత్తిడివద్ద మరగి ఆవిరియగుచు, పాలు, కూరగాయలు మున్నగువాని వేడిమిని గ్రహించును. యంత్రము వెనుక, అడుగుభాగమున నల్లని చిన్నకుండవంటి కంప్రెసరు ఉండును. అది ఆ ఆవిరిని పీల్చి, గట్టిగా అదిమి, వెలుపలి గొట్టములలోనికి నెట్టును. అచ్చట ఆవిరి తన వేడిమిని గదిలోని గాలికి విడిచి ద్రవమగును. పిదప మిక్కిలి సన్నని రంధ్రముగల రాగిగొట్టము గుండ పోవునపుడు దాని ఒత్తిడి తగ్గును. అది మరల పెట్టెలోనికి చేరును. ఇట్లు నిరంతరము తిరుగు ద్రవ్యమునకు శీతలకమని పేరు.

ఏ ద్రవ్యమును శీతలకముగా వాడవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని దీనికి సమాధానము వెదకుచు మానవులు నూటయేబది సంవత్సరములకు పైగా శ్రమపడిరి. ఆ వెదకులాటలో ఒకసారి పెద్ద పొరపాటు జరిగినది. ఆ కథనే ఇప్పుడు చెప్పెదను.

1834లో జేకబ్ పెర్కిన్స్ అను అమెరికా దేశీయుడు లండను నగరమున, ఈథరు అను ద్రవముతో నడచు శీతలయంత్రమునకు పేటెంటు పొందెను. ఈథరు సులభముగా అంటుకొనును. తరువాత 1870ల దశాబ్దిలో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడగు కార్ల్ ఫాన్ లిండే అమ్మోనియాతో నడచు యంత్రములను నిర్మించెను. మంచు కర్మాగారములలోను, పెద్ద శీతల గిడ్డంగులలోను నేటికిని అమ్మోనియా వాడుకలో నున్నది. కాని దాని ఘాటు ఊపిరి సలుపనీయదు. 1920 ప్రాంతమున ఇండ్లలోనికి శీతలయంత్రములు ప్రవేశించినపుడు వానిలో గంధకపు వాయువగు సల్ఫర్ డయాక్సైడును, మిథైల్ క్లోరైడును నింపుచుండిరి. ఇవి విషవాయువులు. బెర్లిన్ నగరమున ఒక ఇంట యంత్రమునుండి ఇట్టి వాయువు కారి, నిద్రించుచున్న కుటుంబమంతయు మరణించెనట. ఆ వార్తను పత్రికలో చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మిక్కిలి చలించెను. ఆయన లియో జిలార్డ్ అను యువ శాస్త్రజ్ఞునితో కలిసి, కదలెడి భాగములు లేని, కారుటకు తావులేని శీతలయంత్రమును ఊహించి, 1930లో అమెరికాలో దానికి పేటెంటు పొందెను. అంతటి మహామేధావి వంటింటి పెట్టెను గూర్చి ఆలోచించెననిన, ఆనాటి భయమెంతటిదో మీరూహింపవచ్చును.

ఆ దినములలోనే కొన్ని యంత్రములలో ప్రొపేన్, ఐసోబ్యూటేన్ అను వాయువులను గూడ వాడిరి. ఇవి కర్బనము, ఉదజని అను రెండు మూలకములు మాత్రమే కలిసి ఏర్పడిన పదార్థములు. ఇట్టివానిని హైడ్రోకార్బనులందురు. మన వంటయింటి సిలిండరులోని వాయువు ఈ కుటుంబమునకు చెందినదే. ఇవి చక్కగా చల్లబరచును; లోహమును తినివేయవు; పై వాయువులవలె విషములు కావు. వీనియందున్న ముఖ్యదోషమొక్కటి: నిప్పు తగిలిన మండును.

విషము లేనిది, మంట లేనిది అగు శీతలకము దొరకదా అని అందరును ఎదురుచూచుచుండగా, 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు తన సహచరులతో కలిసి అట్టి వాయువును కనుగొనెను. కర్బనము, క్లోరిన్, ఫ్లోరిన్ అను మూడింటితో ఏర్పడినది గనుక ఆ జాతి వాయువులకు క్లోరోఫ్లోరోకార్బనులని పేరు. ఇండ్లలోని యంత్రములలో వాడినదానికి ఆర్-12 అని గుర్తు. ఫ్రియాన్ అను వ్యాపారనామముతో అది లోకమంతట ప్రసిద్ధికెక్కెను. 1930 ఏప్రిల్ మాసమున అట్లాంటా నగరములో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును ఊపిరినిండ పీల్చి, వెలుగుచున్న కొవ్వొత్తిపై మెల్లగా విడిచెను. కొవ్వొత్తి ఆరిపోయెను. మిడ్జ్‌లీకి ఏమియు కాలేదు. విషము లేదనియు, మండదనియు ఒక్క ఊపిరితో ఋజువైనది. నాటినుండి హైడ్రోకార్బనులు ఇండ్లలోని శీతలయంత్రములనుండి క్రమముగా తొలగిపోయెను.

ఆ పరీక్షలో మోసమేమియు లేదు. సభామందిరములో నిలిచి చూచినంతవరకు అది సత్యమే. కాని ఆ మందిరపు కప్పుకు పైన ఆకాశమున్నదనియు, కారిన వాయువు చివరకచ్చటికే చేరుననియు నాడెవ్వరును తలంపలేదు.

భూమికి సుమారు 15 మొదలు 35 కిలోమీటర్ల ఎత్తువరకు గల వాయుమండలమున ఓజోన్ అను వాయువు విస్తారముగా నుండును. సూర్యునినుండి వచ్చు అతినీలలోహిత కిరణములలో హానికరమైన వానిని అది చాలవరకు అడ్డగించును. ఆ గొడుగు పలుచబడినచో మనుష్యులకు చర్మపు కేన్సరు, కంటిలో శుక్లములు అధికమగును. పైరులకును, సముద్రజీవులకును చేటు కలుగును. 1974లో మరియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అను శాస్త్రజ్ఞులు ఒక భయంకర సత్యమును ప్రకటించిరి. క్లోరోఫ్లోరోకార్బనులు మనచుట్టునున్న గాలిలో దేనితోను కలియవు, కరగవు, నశింపవు. ఈ స్థిరత్వమునే మనము సద్గుణమని మెచ్చుకొంటిమి. ఆ గుణము వలననే అవి చెక్కుచెదరక పైకి చేరును. అచ్చటి తీవ్రకిరణములు తాకినపుడు వానినుండి క్లోరిన్ విడివడి ఓజోన్‌ను నాశనము చేయును. ఒక్క క్లోరిన్ పరమాణువు వేలకొలది ఓజోన్ అణువులను విరుగగొట్టగలదు. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దక్షిణ ధ్రువఖండముపై ప్రతి వసంతమున ఓజోన్ ఎంతగానో క్షీణించుచున్నదని కొలిచి చూపిరి. 1987 సెప్టెంబరు 16వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొని, ఈ వాయువుల తయారీని తగ్గించుటకు నిశ్చయించెను. మన దేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. సెప్టెంబరు 16ను ప్రపంచమంతట ఓజోన్ దినముగా పాటించుచున్నారు.

ఆర్-12 పోవలెను, దాని స్థానమున ఏది రావలెను? పెద్ద రసాయన సంస్థలు హెచ్.ఎఫ్.సి.-134ఎ అను క్రొత్త వాయువును సిద్ధపరచెను. అందులో క్లోరిన్ లేదు. కావున ఓజోన్‌కు హాని లేదు. కాని దానియందు మరియొక దోషమున్నది. నూరు సంవత్సరముల లెక్కలో చూచినచో, ఆ వాయువు ఒక కిలోగ్రాము గాలిలో కలిసిన, అదే తూకముగల బొగ్గుపులుసు వాయువుకంటె 1,300 రెట్లు అధికముగా భూమిని వేడెక్కించును. గొడుగును రక్షించి, ఇంటిని కొలిమి చేసినట్లాయెను.

ఇట్టి సమయమున పాత హైడ్రోకార్బనులను మరల తలచుకొన్నవారు జర్మనీలో కొందరుండిరి. డోర్ట్‌మండ్ నగరపు ఆరోగ్యశాస్త్ర సంస్థలో హారీ రోసిన్ మున్నగువారు ప్రొపేన్, బ్యూటేన్ జాతి వాయువుల మిశ్రమముతో శీతలయంత్రమును నడపి చూచిరి. అది నడచెను. గ్రీన్‌పీస్ అను పర్యావరణ పరిరక్షణ సంస్థ దీనిని యంత్రములుగా తయారుచేయగలవారి కొరకు వెదకెను. పెద్ద సంస్థలేవియు ముందునకు రాలేదు.

జర్మనీ తూర్పుభాగమున, సాక్సనీ ప్రాంతములో షార్ఫెన్‌స్టైన్ అను చిన్న ఊరున్నది. అచ్చట పూర్వమునుండి శీతలయంత్రముల కర్మాగారమొకటి ఉండెను. 1990లో రెండు జర్మనీలు ఏకమైన పిమ్మట, పశ్చిమభాగపు గొప్ప సంస్థలతో పోటీపడలేక అది క్షీణింపసాగెను. 1992లో దానిని మూసివేయుటకు అధికారులు నిశ్చయించిరి. పనివారికి బ్రతుకుతెరువు పోవు గడియ సమీపించినది. అప్పుడు గ్రీన్‌పీస్ వారు ఈ కర్మాగారముచేత పది నమూనా యంత్రములను చేయించిరి. అవి చక్కగా పనిచేసెను. పెద్ద సంస్థలు మాత్రము "మండెడి వాయువును ఇంటిలో నుంచుకొనుట అపాయకరము" అని హెచ్చరించెను. ప్రజలు భయపడలేదు. కొలదికాలములోనే సుమారు 70,000 మంది తమకు ఆ యంత్రము కావలెనని ముందుగా తెలియజేసిరి. కర్మాగారము మూతపడక నిలిచెను. 1993 మార్చి మాసమున గ్రీన్‌ఫ్రీజ్ అను పేరుగల ఆ యంత్రములు తయారై వెలుపలికి వచ్చెను. అపాయమని హెచ్చరించిన సంస్థలే త్వరలో ఆ మార్గమును త్రొక్కెను. షార్ఫెన్‌స్టైన్ సంస్థ విపణిలో చిరకాలము నిలువలేకపోయినను, అది వేసిన బాట మాత్రము నిలిచినది. గ్రీన్‌పీస్ వారు ఈ విద్యను తమ సొత్తుగా దాచుకొనక అందరకును ఉచితముగా తెలిపిరి.

ఒక్క వాయువునకు మారుగా మిశ్రమమును ఏల వాడిరని మీరడుగవచ్చును. ప్రొపేన్ సున్నకు దిగువ 42 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద మరగును. ఐసోబ్యూటేన్ సున్నకు దిగువ సుమారు 12 డిగ్రీలవద్ద మరగును. ఆర్-12 మరగునది సున్నకు దిగువ సుమారు 30 డిగ్రీలవద్ద. ప్రొపేన్ ఒక్కదానిని నింపినచో ఒత్తిడి ఎక్కువగును. ఐసోబ్యూటేన్ ఒక్కదానిని నింపినచో తక్కువగును. ఈ రెండింటిని ఇంచుమించు సమానమైన తూకమున కలిపినచో మిశ్రమపు ఒత్తిడి ఆర్-12 ఒత్తిడికి దగ్గరగా వచ్చును. అందుచేత పాత పద్ధతి కంప్రెసరును, పాత కందెననూనెను మార్చనవసరము లేకపోయెను. పైగా ఈ వాయువు తూకములో ఆర్-12లో సగమైనను అక్కరలేదు.

మిశ్రమమునకు ఒక చిక్కు గలదు. రెండు వాయువులును ఒకే వేగముతో ఆవిరికావు. ప్రొపేన్ ముందు తొందరపడును, ఐసోబ్యూటేన్ వెనుకబడును. గొట్టమున ఎక్కడనైన చిన్న చిల్లు పడినచో ప్రొపేన్ ఎక్కువగా పోయి, మిగిలిన మిశ్రమపు పాళ్ళు మారిపోవును. కావున క్రమముగా కంప్రెసరులనే మార్చి, ఐసోబ్యూటేన్ ఒక్కదానితో నడచు యంత్రములను నిర్మించిరి. దాని ఒత్తిడి తక్కువ గనుక అవి చప్పుడు తక్కువ చేయును. నేడు ప్రపంచమున క్రొత్తగా తయారగు ఇండ్ల శీతలయంత్రములలో అధికభాగము ఈ వాయువుతోనే నడచుచున్నవి. దానికి ఆర్-600ఎ అని గుర్తు.

మరి నిప్పు భయము సంగతియేమి? భయమును లెక్కలో పెట్టి చూతము. ఇంటి యంత్రములో సుమారు 50 గ్రాముల ఐసోబ్యూటేన్ ఉన్నదనుకొనుడు. వంటయింటి సిలిండరులో 14.2 కిలోగ్రాముల వాయువుండును. అనగా 280 రెట్లకు పైగా అధికము. ఆ 50 గ్రాములును కారి వాయువైనచో సుమారు 21 లీటర్లగును. మూడేసి మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో 27,000 లీటర్ల గాలి పట్టును. ఐసోబ్యూటేన్ గాలిలో నూటికి సుమారు 1.8 పాళ్ళు చేరినగాని అంటుకొనదు. ఆ గదికి అది 486 లీటర్లు. మనవద్ద నున్నది 21 లీటర్లే. కావున గది అంతట సమానముగా కలిసినచో అది మండజాలదు.

కాని లెక్కను సగములో ఆపరాదు. అదే 21 లీటర్లు 200 లీటర్ల మూసిన పెట్టెలో కారిన నేమగును? అందు 3.6 లీటర్లు చేరగనే ప్రమాదపు హద్దు దాటును. ఒక్క విద్యుత్ రవ్వ చాలును. కావుననే నిర్మాతలు పెట్టెలోపల రవ్వలు పుట్టించు మీటలను లేకుండ చేయుదురు, లేదా వాయువు చొరనట్లు మూసియుంచుదురు. వాయువు కారుటకు వీలైన అతుకులను వీలైనంతవరకు లోపల ఉంచరు. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము చాలకాలము ఒక్కొక్క యంత్రమునకు 150 గ్రాముల మితి విధించిరి. అమెరికాలో 2011 సంవత్సరాంతమున గాని ఈ వాయువులకు అనుమతి రాలేదు. అప్పుడును 57 గ్రాములకు మించరాదనిరి. 2018లో ఆ మితిని 150 గ్రాములకు పెంచిరి.

మన దేశమున 2010 నాటికి శీతలయంత్రములలో క్రొత్తగా క్లోరోఫ్లోరోకార్బనులను వాడుట నిలిచిపోయెను. గోద్రెజ్ వంటి సంస్థలు ఈ శతాబ్ది తొలి సంవత్సరములలోనే హైడ్రోకార్బనుల వైపు మరలెను. హెచ్.ఎఫ్.సి. వాయువులను క్రమముగా తగ్గించుటకై 2016లో రువాండా దేశపు కిగాలీ నగరమున జరిగిన ఒప్పందమును మన దేశము 2021లో ధ్రువపరచెను.

ఇక నేను కన్నులార చూచిన యొక సంగతి చెప్పి ముగించెదను. గడచిన వేసవిలో మా యింటి శీతలయంత్రము చల్లబరచుట మానెను. దానిని బాగుచేయుటకు వచ్చినవాడు పూర్వము నావద్ద చదువుకొన్న విద్యార్థి. లోనికి వచ్చుచునే అతడు పరికరముల సంచి దింపక, "మాస్టారూ, మొదట పూజామందిరములోని దీపమును కొండెక్కింపుడు" అనెను. పిదప కిటికీలన్నియు తెరచెను. యంత్రము వెనుకకు వంగి, కంప్రెసరుపై నంటించిన చీటిని దీపపు మంట లేని చేతి టార్చి వెలుగులో నెమ్మదిగా చదివెను. అందు ఆర్-600ఎ అనియు, గ్రాముల లెక్కయు, ముక్కోణములో మంటబొమ్మయు నుండెను.

"నాయనా, పని మొదలిడక ఇంతసేపు చదువుచున్నావేమి?" అని అడిగితిని.

అతడు చొక్కాచేతిని పైకి మడచి చూపెను. ముంజేతినుండి మోచేతివరకు చర్మము ముడుతలుపడి కాలిన మచ్చ. "ఇది కొన్నేండ్ల క్రిందటిది. పాత గ్యాసే అనుకొని, చీటి చూడక గొట్టమునకు మంట పెట్టితిని. 'ప్రశ్నను రెండుమారులు చదివి తరువాత వ్రాయుడు' అని మీరు తరగతిలో చెప్పెడివారు. ఆ మాట నాకు ఈ మచ్చ పడినపిదప గాని తలకెక్కలేదు" అనెను.

అతడు లోని వాయువును గొట్టము ద్వారా ఇంటి వెలుపల ఆరుబయటికి పంపివేసి, గొట్టములను మంటతో అతుకక, లోహపు బిగింపులతో కలిపెను. క్రొత్త వాయువును తూచి నింపెను. "వంటగ్యాసును నింపిన చౌకగా పోవును గదా?" అంటిని. "అట్లు నింపువారును ఉన్నారు. కాని అందులో పాళ్ళు ఒక తీరుగా నుండవు, తేమయు, ఇతర పదార్థములును ఉండును, కంప్రెసరు చెడును. వంటగ్యాసునకు వాసన కలిపియుందురు గనుక కారినచో తెలియును. శీతలకమునకు ఆ వాసన ఉండదు. అందుచేతనే చీటి చదువుట" అని అతడు బదులు చెప్పెను.

బాలబాలికలారా! మీ యింటి యంత్రము వెనుకనున్న చీటిని పెద్దలతో కూడ వెళ్ళి ఒకసారి చదువుడు. గడ్డకట్టిన మంచును కత్తితోగాని మేకుతోగాని గోకకుడు. క్రిందనున్న గొట్టమునకు చిల్లు పడును. పాత యంత్రమును పారవేయునపుడు దాని గొట్టములను విరువనీయకుడు. యంత్రమునుండి బుస్సుమని వాయువు కారుచున్న శబ్దము వినబడినచో, అగ్గిపుల్ల గీయక, మీటలు నొక్కక, తలుపులు తెరచి పెద్దలకు చెప్పుడు.

ఆర్-12ను చూచి మనము భయపడలేదు. ఏబదియేండ్లపాటు ఆకాశమునకు హాని చేసితిమి. హైడ్రోకార్బనులను చూచి భయపడితిమి. భయమునకు మితి కట్టి, జాగ్రత్త నేర్చుకొన్నపిదప అవి మనకు మేలు చేయుచున్నవి. కంటికి కనబడు అపాయమును తెలివితో లోబరచుకొనవచ్చును. కనబడని అపాయమును మొదట కనుగొనవలెను. రెండింటికిని కావలసినది నిదానించి చదువుట, తుదిదాక లెక్కించుట. నా విద్యార్థి చేతిమీది మచ్చ నాకు ఈ మాటనే మరల చెప్పినది.